కడప నుంచి మధురపూడికి కాగితం మీద ప్రయాణం

కడప విమానాశ్రయం నుంచి రాజమహేంద్రవరం పక్కనున్న మధురపూడి విమానాశ్రయానికి గాలిలో ఎంత దూరం? ఏటీఆర్ విమానం ఎంతసేపట్లో చేరుతుంది? ఫోన్‌లో వెతికితే అంకె దొరుకుతుంది. అది ఎలా వచ్చిందో తెలియాలంటే ఒక తెల్లకాగితం, పదో తరగతి లెక్కలు చాలు.

ముందు అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. కడపది 14 డిగ్రీల 31 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 46 నిమిషాల తూర్పు. మధురపూడిది 17 డిగ్రీల 7 నిమిషాల ఉత్తరం, 81 డిగ్రీల 49 నిమిషాల తూర్పు. అక్షాంశాల తేడా 156 నిమిషాలు. నాకు ఎన్నిసార్లు చేసినా ముచ్చటేసేది ఇక్కడే. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. భూమినే కొలబద్దగా చేసుకున్న కొలత అది. కాబట్టి ఉత్తరానికి 156 మైళ్లు. గుణకారమే అక్కర్లేదు.

తూర్పు లెక్క అంత సులువు కాదు. రేఖాంశాల తేడా 183 నిమిషాలు. అలాగే మైళ్లుగా వేసుకుంటే తప్పొస్తుంది. బత్తాయి తొన చూడండి, నడుమ వెడల్పుగా ఉండి కొసలకు పోయేకొద్దీ సన్నబడుతుంది. రేఖాంశాల మధ్య ఎడం కూడా అంతే. ఎంత సన్నబడిందో కొసైన్ చెబుతుంది. రెండు ఊళ్ల సగటు అక్షాంశం 15 డిగ్రీల 49 నిమిషాలు, దాని కొసైన్ 0.962. దాంతో 183ని గుణిస్తే 176 మైళ్లు.

ఇక లంబకోణ త్రిభుజం గీయండి. భుజాలు 156, 176. కర్ణం 235 నాటికల్ మైళ్లు, అంటే 435 కిలోమీటర్లు.

పటం మీద స్కేలు పెట్టి ఆ గీత గీస్తే లెక్కకు ప్రాణం వస్తుంది. వెలికొండలు దాటి, చీరాల దగ్గర సగం దారి పూర్తయి, గుడివాడ మీదుగా కొల్లేరు అంచు తాకి గోదావరి వైపు సాగుతుంది.

సమయానికి వద్దాం. ఏటీఆర్ 72 నిలకడ వేగం గంటకు 275 మైళ్లు అనుకుంటే 51 నిమిషాలు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ గనుక ఓ పది, రెండు చోట్లా నేల మీద నడకకు ఇంకో పది కలపండి. గంటా పది నిమిషాలు. గాలిని కూడా చూసుకోవాలి. 20 మైళ్ల ఎదురుగాలి నాలుగు నిమిషాలు తినేస్తుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే మిగిలేది మూడున్నరే.

చాలామంది మరిచిపోయేది రన్‌వే దిక్కు. మన గీత ఉత్తరం నుంచి తూర్పుకు 48 డిగ్రీల వాలులో వస్తోంది. మధురపూడి రన్‌వే ఒక కొస పేరు 05, అంటే 50 డిగ్రీలు. ఈశాన్య గాలి వీచే రోజుల్లో కడప నుంచి వచ్చే విమానం దాదాపు మలుపే లేకుండా నేరుగా దిగిపోవచ్చు. నైరుతి గాలి బలంగా ఉంటే ఎదురుగాలిలో దిగాలి కాబట్టి రెండో కొస, 23 వైపు నుంచి రావాలి. అప్పుడు కిటికీలోంచి కనిపించిన రన్‌వే వెనక్కి జారిపోతుంది, విమానం ముందుకెళ్లి చుట్టు తిరిగి వస్తుంది. ఇంకో ఐదారు నిమిషాలు కలపండి.