కంప్యూటరుకు కూడా రెండు తాళాలు
సంఘం లెక్కలను కాపాడుకొనే విధానం

ఒకప్పుడు పాల కేంద్రంలో కొలపాత్ర, లాక్టోమీటరు, రిజిస్టరు ఉండేవి. నేడు చాలా సంఘాలలో ఎలక్ట్రానిక్ కాటా, వెన్న శాతం చూపే యంత్రం, వాటికి కలిపిన కంప్యూటరు ఉన్నాయి. సభ్యుని సంఖ్య నొక్కగానే పాల బరువు, వెన్న, ధర చీటీపై వస్తాయి. బిల్లు సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. పని తేలికైందనడంలో సందేహం లేదు. అయితే రిజిస్టరును మార్చాలంటే దొంగ బీరువా తాళం పగలగొట్టవలసి వచ్చేది. కంప్యూటరులోని లెక్కను మార్చడానికి అతడు మన ఊరికి రానక్కరలేదు. కనుక ఈ విషయాన్ని కార్యదర్శికే వదిలిపెట్టకుండా సభ్యులందరూ తెలుసుకోవాలి.

నష్టం వచ్చే మూడు దారులు

మొదటిది లెక్క మార్చడం. ఒక సభ్యురాలు రోజుకు 8 కిలోల గేదె పాలు పోస్తున్నదనుకుందాం. కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాం. ఎవరైనా కంప్యూటరులో వెన్న శాతాన్ని 0.2 తగ్గించి నమోదయ్యేటట్లు చేస్తే ఆమెకు రోజుకు 12 రూపాయల 80 పైసలు నష్టం. ఇది కంటికి కనబడదు. కాని 15 రోజులకు 192 రూపాయలవుతుంది. అటువంటి సభ్యులు నూరు మంది ఉంటే 19,200 రూపాయలు.

రెండవది ఖాతా మార్చడం. లెక్క సరిగానే ఉంటుంది. బ్యాంకుకు పంపే జాబితాలో ఖాతా సంఖ్య మాత్రం మారి ఉంటుంది.

మూడవది లెక్కకు తాళం వేయడం. దుండగులు ఒక ఉత్తరం ద్వారానో, పెన్‌డ్రైవ్ ద్వారానో కంప్యూటరులో చొరబడి, లెక్కలన్నీ తెరుచుకోకుండా చేసి, తెరవడానికి సొమ్ము అడుగుతారు.

జరిగిన సంగతులు

ఇవి ఊహలు కావు. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేష్ సహకార అర్బన్ బ్యాంకు నుండి సుమారు 12 కోట్ల రూపాయలు దొంగిలింపబడ్డాయి. అంతకు కొద్ది నెలల ముందు సిబ్బందికి వచ్చిన మోసపు ఈమెయిళ్లను తెరవడం వలన దుండగులకు దారి దొరికినట్లు పోలీసు విచారణలో తేలింది. ఎంత పెద్ద తలుపు ఉన్నా గడియ తీసేది లోపలివారే అని ఈ సంఘటన తెలుపుతున్నది.

2017 మే 12న వన్నాక్రై అనే ఉపద్రవం ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళాలు వేసింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని పాలబడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. దానిని వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

పాడి రైతుకు కూడా ఈ బెడద తప్పలేదు. స్విట్జర్లాండులో ఒక రైతు పాలు పితికే యంత్రపు కంప్యూటరుకు దుండగులు తాళం వేసి 10,000 డాలర్లు అడిగిన ఉదంతం 2024లో వెలుగులోకి వచ్చింది. అతడు ఇవ్వలేదు. పాలు పితకడం ఆగలేదు గాని పశువుల వివరాలు అందలేదు. ఒక చూడి ఆవు కడుపులో దూడ చనిపోయిన సంగతి ఆలస్యంగా తెలిసి, చివరకు ఆవు కూడా దక్కలేదు.

సంఘం చేయవలసిన పనులు

1. పాస్‌వర్డు ఎవరిది వారికే ఉండాలి. గోడమీద, కాటామీద రాయరాదు. ఉద్యోగి మానివేసిన రోజే అతని పాస్‌వర్డు రద్దు చేయాలి.

2. ధరల పట్టిక గాని, సభ్యుల ఖాతా సంఖ్య గాని మార్చడానికి ఇద్దరి అనుమతి ఉండాలి. ఒకరు నమోదు చేస్తే మరొకరు సరిచూడాలి. నగదు పెట్టెకు రెండు తాళాలు పెట్టినట్లే ఇది.

3. ప్రతిరోజు సాయంత్రం పాల సేకరణ ముగిశాక లెక్కలకు నకలు తీయాలి. నకలు తీసిన పరికరాన్ని కంప్యూటరు నుండి విడదీసి వేరే చోట భద్రపరచాలి. తగిలించి ఉంచితే దానికి కూడా తాళం పడుతుంది. నెలకొకసారి నకలు తెరుచుకుంటున్నదో లేదో చూడాలి.

4. అప్‌డేట్‌లను వాయిదా వేయరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అది వాడుతున్న సంఘాలు మార్పు గురించి యూనియన్ కార్యాలయాన్ని సంప్రదించాలి.

5. కేంద్రం కంప్యూటరులో సినిమాలు, ఆటలు, ఊరివారి పెన్‌డ్రైవ్‌లు పెట్టరాదు.

6. యూనియన్ నుండి అంటూ ఖాతా మార్చమని ఫోను వస్తే, మనకు ముందే తెలిసిన నంబరుకు తిరిగి ఫోను చేసి నిర్ధారించుకోవాలి.

7. ఒక ఖాళీ రిజిస్టరు ఎల్లప్పుడూ సిద్ధంగా ఉంచాలి. కంప్యూటరు ఆగినా పాలు ఆగవు కదా.

సభ్యులు చేయవలసిన పనులు

చీటీని అక్కడే పారవేయకండి. బిల్లు వచ్చేవరకు దాచి, బిల్లుతో సరిచూసుకోండి. చదువురానివారికి ఇంట్లో పిల్లలు చదివి వినిపించాలి. అకస్మాత్తుగా వెన్న తగ్గితే మేత మారిందా, ఈనిన కాలమేమిటి అని చూసుకొని, కారణం కనబడకపోతే మీ ఎదుట మళ్లీ పరీక్ష చేయమని అడగండి. అడగడం తగవు కాదు, సభ్యుని హక్కు. ఓటీపీని ఎవరికీ, సంఘం ఉద్యోగికైనా, చెప్పకండి.

మోసం జరిగితే

వెంటనే ఇంటర్నెట్ తీసివేయాలి. కంప్యూటరులో ఏదీ చెరిపివేయరాదు. బ్యాంకుకు, యూనియన్‌కు తెలపాలి. సొమ్ము పోతే ఆలస్యం లేకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచిపెడితే దొంగకే మేలు.

పాలకవర్గం వచ్చే సమావేశంలో ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు మినిట్సు పుస్తకంలో రాయించాలి. చివరి నకలు ఏ తేదీన తీశారు? అది ఎవరివద్ద ఉంది? ధరల పట్టికను మార్చగలవారు ఎందరు? గత మూడు నెలల్లో ఏ సభ్యుల ఖాతా సంఖ్యలు మారాయి, ఎవరి సంతకంతో? జవాబు దొరకని ప్రశ్న ఏదైతే ఉందో, ఆ పనినే ముందుగా చేపట్టాలి.