సున్నా శక్తి ఇళ్ళు – లెక్క సరిచూద్దామా?

తాను ఖర్చు చేసే శక్తినంతా తానే సంపాదించుకొనే ఇంటిని 'సున్నా శక్తి ఇల్లు' అంటారు. ఏడాది మొత్తం మీద వాడిన శక్తిలోనుండి ఉత్పత్తి అయిన శక్తిని తీసివేస్తే మిగిలేది సున్నా కావాలన్నమాట. అయితే, ఇల్లు కట్టకముందు నిపుణులు కాగితం మీద వేసే లెక్క పుట్టబోయే బిడ్డకు జాతకం రాయడం వంటిదే. నిజం తేలాలంటే మీటరు చూడాలి.

ఇందుకు మంచి ఉదాహరణ ఇంగ్లండులో వుంది. లండన్ నగరానికి దక్షిణాన బెడ్డింగ్టన్ అనే చోట సుమారు 100 ఇళ్ళతో ఒక కాలనీ కట్టారు. 2002లో పూర్తయిన ఆ కాలనీని 'బెడ్‌జెడ్' అంటారు. బిల్ డన్‌స్టర్ అనే ఆర్కిటెక్టు దానిని రూపొందించాడు.

అక్కడ చలి ఎక్కువ. అందువల్ల ఇంటిని వెచ్చగా వుంచడానికే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మరి ఏం చేశారు? గోడలలో 30 సెంటీమీటర్ల మందాన, వేడిని బయటికి పోనివ్వని పొరను అమర్చారు. కిటికీలకు మూడేసి అద్దాలు బిగించారు. చలికాలపు ఎండ దక్షిణం నుండి వస్తుంది కనుక గాజు గదులను ఆ దిక్కుకే పెట్టారు. ఇంటి కప్పుల మీద సౌర ఫలకాలు పరిచారు. ఇవి చాలవు కనుక, చెక్క ముక్కల నుండి వాయువును తయారుచేసి, దానితో విద్యుత్తునూ వేడినీటినీ కలిపి ఇచ్చే యంత్రాన్ని ఒకదానిని కాలనీ అంతటికీ నెలకొల్పారు.

తరువాత ఏమైంది? మీటర్ల లెక్కలు తీశారు. 2007 లెక్కల ప్రకారం, ఆ ప్రాంతంలో సగటు ఇల్లు వెచ్చదనానికీ వేడినీటికీ 100 యూనిట్లు వాడితే, బెడ్‌జెడ్ ఇల్లు వాడినది సుమారు 19 యూనిట్లే! విద్యుత్తు 100 యూనిట్లకు 55 యూనిట్లు. మందపు గోడలు తమ పని తాము చేశాయి.

కాని చెక్క ముక్కల యంత్రం మాత్రం పదే పదే మొరాయించింది. వాయువు చల్లబడినప్పుడు అందులోని తారు గడ్డకట్టి చిక్కులు తెచ్చింది. 2005లో దానిని ఆపివేసి గ్యాసు బాయిలర్లు పెట్టవలసి వచ్చింది. సౌర ఫలకాలు కొంత విద్యుత్తును మాత్రమే ఇవ్వగలవు. మిగిలినది బయటి తీగల ద్వారా తెచ్చుకోవలసిందే. అంటే పొదుపు నెరవేరింది, 'సున్నా' నెరవేరలేదు.

ఇక్కడ రెండు తప్పులు చేసే ప్రమాదం వుంది. పేరులో సున్నా వుంది కదా అని నమ్మేయడం ఒకటి. సున్నా రాలేదు కదా అని మొత్తం పథకాన్నే వ్యర్థమనడం రెండవది. మీటర్లు చూడకపోతే ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తెలిసేదే కాదు. తరువాత ఇళ్ళు కట్టేవారు మంచి గోడలను వదలివేసి, చెడిపోయే యంత్రాన్నే మళ్ళీ కొనివుండేవారేమో!

ఇప్పుడు మనమూ ఒక లెక్క చేద్దాం. ఒక ఇంటి కప్పు మీది సౌర ఫలకాలు ఏడాదిలో 1200 యూనిట్లు ఇచ్చాయనుకోండి. అందులో 700 యూనిట్లు పగటిపూట బయటి తీగలకు పోయాయి. రాత్రిళ్ళు బయటినుండి 900 యూనిట్లు వచ్చాయి. ఆ ఇల్లు వాడిన విద్యుత్తు ఎంత?

1200 – 700 + 900 = 1400 యూనిట్లు.

ఉత్పత్తి 1200, వాడకం 1400. కనుక లోటు 200 యూనిట్లు. ఎండలు బాగా కాసిన నెల ఒక్కటే చూస్తే ఈ ఇంట్లో మిగులే కనిపించవచ్చు. గాదె నిండిన నెలను చూసి రైతు ఏడాది తిండికి లోటు లేదని చెప్పలేం కదా! అందుకే పన్నెండు నెలలూ లెక్కించాలి.

మరొక సంగతి మరచిపోయాం – వంటగ్యాసు! 14.2 కిలోల సిలిండరులోని గ్యాసు మండితే వచ్చే వేడి సుమారు 180 యూనిట్లకు సమానం. ఏడాదికి 8 సిలిండర్లు వాడితే 1440 యూనిట్లు. దీనిని కలిపితే లోటు 1640 యూనిట్లు అవుతుంది. కాబట్టి ఎవరైనా 'సున్నా' అంటే, "దేనిదేనిని లెక్కలోకి తీసుకున్నారు?" అని అడగాలి.

మీరే చేసి చూడండి: ప్రతి నెలా ఒకటవ తేదీన, ఒకే వేళకు మీ ఇంటి కరెంటు మీటరులోని అంకెను నోటుపుస్తకంలో రాయండి. సిలిండరు మార్చిన తేదీ, ఇంట్లో ఎందరున్నారో కూడా రాయండి. ఏడాది తరువాత మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించి, మీ మిత్రుని లెక్కతో పోల్చండి. తేడా వుంటే, ఎందుకు వచ్చిందో ఇద్దరూ కలిసి వెతకండి. అంకె ఎక్కువ వచ్చిందని దిద్దకండి సుమా! ఉన్నది ఉన్నట్లు రాసినప్పుడే అది సైన్సు.