నొక్కుట, నలుపుట, నూరుట: పేషణార్థక పదముల వివేచన

మెదకు పట్టణమునకు చేరువనున్న మంబోజిపల్లి చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. అది నడచిన కాలమున "క్రషింగు" అను ఇంగ్లీషు పదము పత్రికలలోను, చెరకు రైతుల సంభాషణలోను తెలుగు పదమువలెనే చెల్లినది. నిఘంటుదృష్టితో దానికి "నలుపుట", "చితుకగొట్టుట" అని అర్థము చెప్పవచ్చును. కాని చెరకును నలుపుట యని తెలుగువాడెవడును అనడు, గానుగాడించుట యనును. కర్మాగారమున చెరకును కత్తులతో తునుకలు చేసి, పిమ్మట ఉక్కు రోలర్ల నడుమ నొక్కి, పిప్పిపై నీరు చల్లి మరల నొక్కుదురు. అచట కోరబడునది రసము. చెరకు నలుగుట దానికి ద్వారమాత్రము. క్రష్ అను పదము వ్యాపారమును, గానుగ సాధనమును, పిండుట ఫలమును ముందుకు తెచ్చుచున్నవి. ఒకే పనిని మూడు విధముల చూచిన పదములను పర్యాయములని వ్రాయుట ఎంతవరకు చెల్లును?

ఇంగ్లీషున ఈ వర్గపు పదములు పెక్కు కలవు: ప్రెస్, స్క్వీజ్, క్రష్, స్క్వాష్, మాష్, పౌండ్, గ్రైండ్, ఫ్లాటెన్. వీనిలో ప్రెస్ అనునది లాటిను మూలము కలది. క్రష్, స్క్వాష్ ప్రాచీన ఫ్రెంచి ద్వారమున చేరినవి. క్రష్ పదపు మూలరూపమునకు పండ్లు కొఱుకుట, ఫెళ్ళున విరుగుట అను అర్థములుండెను. సంస్కృతాధ్యాపకునకు మిక్కిలి ఆసక్తి కలిగించునది ప్రెస్ కుటుంబము. ఎక్స్‌ప్రెస్, ఇంప్రెస్, సప్రెస్, అప్రెస్ అనువానిలోని ముందు భాగములు మన ఉపసర్గల పనినే చేయుచున్నవి. పిండి వెలికి తీయుట యను అర్థముగల ఎక్స్‌ప్రెస్ మనసులోని మాటను వెలికి తెచ్చుటకు పేరైనది. సంస్కృతమున పీడధాతువు నిష్పీడనమున తడివస్త్రమును పిండును. ఒంటిగా నిలిచి "పీడ" యైనప్పుడు మనుష్యుని బాధించును. తెలుగున అణచుట, తొక్కుట అట్టివే. ఉర్దూ ద్వారా వచ్చిన "దబాయించు" కూడ నొక్కుటనుండి బెదరించుటకు చేరినదే. నొక్కబడినది ఆకైనను మనిషియైనను భాషలన్నియు ఒకే దారిని పోయినవి.

ధాతుపాఠమున ఒక విచిత్రమైన గొలుసు కానవచ్చును. భఞ్జధాతువునకు ఆమర్దనము అర్థముగా చెప్పబడినది. మర్దనమునకు మూలమైన మృదధాతువునకు క్షోదము, క్షుదధాతువునకు సంపేషణము, పిషధాతువునకు సంచూర్ణనము అర్థములు. ఒకదాని అర్థము తెలియుటకు మరియొకదానిని ఆశ్రయింపవలెను. తుదకు మిగులునది చూర్ణము. నేటి ఇంగ్లీషు నిఘంటువు క్రష్ పదమునకు ప్రెస్ అనియు, ప్రెస్ పదమునకు స్క్వీజ్ అనియు చెప్పునప్పుడు నవ్వువారు ఈ గొలుసును స్మరింపవలెను. ధాతుపాఠము చేసినది దిఙ్మాత్రప్రదర్శనమే. ఫలము, వ్యాపారము రెండును ధాత్వర్థములని వైయాకరణులు చెప్పినది ఇట్టి చోటనే పనికివచ్చును: వ్యాపారము దగ్గరదైనను ఫలము వేరైనచో పదము వేరు.

పాణిని ఈ భేదమును పిషధాతువు విషయమున ఎంత శ్రద్ధతో గమనించెనో చూడదగును. శుష్క, చూర్ణ, రూక్ష శబ్దములు కర్మలుగా ఉపపదములైనప్పుడు పిషధాతువునకు ణముల్ ప్రత్యయమును 3.4.35 విధించును: శుష్కపేషం పినష్టి. ద్రవద్రవ్యము కరణమైనచో 3.4.38 వచ్చును: ఉదపేషం, తైలపేషం పినష్టి. అనగా పొడిగా నూరుట వేరు, తడిపి నూరుట వేరు అను వంటింటి వివేకము సూత్రములకెక్కినది. అంతతో ఆగలేదు. పిషధాతువు హింసార్థకమైనప్పుడు శేషవివక్షలో దాని కర్మకు షష్ఠిని 2.3.56 చెప్పును: చౌరస్య పినష్టి. హింస కానిచోట ద్వితీయయే: ధానాః పినష్టి. దొంగను నలుగగొట్టుటకు, వేచిన ధాన్యమును నూరుటకు విభక్తియే మారినది.

తెలుగు ఈ వివేకమును విభక్తితో గాక క్రియతోనే నిలుపుకొన్నది. రోకటితో దంచుట, తిరగలితో విసరుట, సన్నికంటిపై నూరుట, రుబ్బురోట రుబ్బుట, పప్పుగుత్తితో మెదుపుట, వ్రేళ్ళతో చిదుముట, అరచేత నలుపుట, పిడికిట పిండుట. సాధనము చెప్పకయే క్రియ దానిని సూచించును. తిరగలిని తెలంగాణమున ఇసుర్రాయి యందురు. క్రియయే వస్తువునకు పేరైనది. అటుకుల విషయము దీనికి ప్రతికూలము: ఇంగ్లీషు వాటిని "దంచిన బియ్యము" అనియో "చదునైన బియ్యము" అనియో వర్ణించును, సంస్కృతపు పృథుక, చిపిటక శబ్దములలోను వెడల్పు, చదును వినబడును, తెలుగు పేరు మాత్రము ఆ వివరమేదియు తోపనీయదు. (మృద్, మెదుపు శబ్దముల ధ్వనిసామ్యమును చూచి జన్యజనకభావమును ఊహించుట సాహసము.)

మరలు వచ్చిన పిదప జరిగిన మార్పు గమనింపదగినది. గిర్నిలో పిండి "పట్టింతురు", నూనె "ఆడింతురు". చేతిపని పోగా ప్రత్యేకక్రియలు పోయి ప్రేరణార్థకములు నిలిచినవి. ఇపుడు ఇంట "మిక్సీ పట్టుట", "గ్రైండ్ చేయుట" అను రెంటితోనే దంచుట, నూరుట, రుబ్బుట మూడును గడచిపోవుచున్నవి.

దీనివలన నష్టమేమని అడుగవచ్చును. ఆయుర్వేదమున స్వరసము, కల్కము, చూర్ణము మూడు వేర్వేరు కల్పనలు. పచ్చిమూలికను దంచి వస్త్రమున పిండగా వచ్చినది స్వరసము. తడిగా నూరిన ముద్ద కల్కము. ఎండించి పొడి చేసినది చూర్ణము. ఇంగ్లీషు అనువాదమున మూడుచోట్లను క్రష్ అని యుండి, దానిని తెలుగు చేసినవాడు మూడుచోట్లను "నలిపి" యని వ్రాసినచో ఔషధమే మారును. ఆకును అరచేత నలిపినంత మాత్రమున కల్కము కాదు.

మెదకు ప్రాంతపు కొలచారమువాడైన మల్లినాథసూరి ఈ విషయమున అనుసరింపదగిన మార్గదర్శి. అన్వయముఖముగా వ్యాఖ్యానించుట ఆయన పద్ధతి. కర్త, కర్మ, కరణము నిలిచిన పిదపనే క్రియకు అర్థము చెప్పుట దాని ఫలితము. అనువాదకుడును క్రష్ కనబడగానే నిఘంటువు తెరువక, దేనిని, దేనితో, ఏమి కోరి అని ముందు అడుగవలెను. తరగతిలో తైలపేషం పినష్టి యను ఉదాహరణకు "నూనెతో నూరుచున్నాడు" అనియు, శుష్కపేషమునకు "పొడిగా విసరుచున్నాడు" అనియు చెప్పగల అధ్యాపకునకు ఆ రెండు సూత్రములు క్షణములో బోధపడును. రెంటికిని "గ్రైండ్ చేయుచున్నాడు" అని చెప్పినచో పాణిని రెండు సూత్రము లేల చేసెనని విద్యార్థి అడుగును.