బయటివారి యొద్ద మంచి సాక్ష్యము

పఠన భాగములు: దానియేలు 6:1-5; 1 తిమోతి 3:1-7; 1 పేతురు 4:12-16



ప్రతి సంవత్సరము పరీక్షా ఫలితములు వెలువడు దినములలో మన రావల్కోల్ ప్రాంతపు గృహములలో ఒకే ప్రశ్న వినబడును: బిడ్డను ఏ కళాశాలకు పంపుదము? మేడ్చల్ రహదారి పొడవున కళాశాలలకు కొదువ లేదు, కర్మాగారములకును కొదువ లేదు. అయితే విశ్వాసులైన తలిదండ్రుల మనస్సులో మరియొక ప్రశ్న కూడ నుండును. "వాక్యమును గట్టిగా పట్టుకొని, కట్టుబాట్లు కచ్చితముగా పాటించు క్రైస్తవ విద్యాలయమునకు పంపితిమా, బిడ్డ భక్తి నిలుచును. గాని అచ్చటి పట్టా చూచి ఉద్యోగమిచ్చువాడెవడు? బయటివారు నవ్వరా?"

ఈ ప్రశ్నను అల్పవిశ్వాసమని మనము కొట్టివేయరాదు. అపొస్తలుడైన పౌలే దానికి చోటిచ్చియున్నాడు.

1. వాక్యము నేర్పు భేదము

అధ్యక్షునికి ఉండవలసిన లక్షణములను పౌలు తిమోతికి వ్రాయుచు, వాటి చివర సంఘమునకు వెలుపటివారి సాక్ష్యమును చేర్చెను (1 తిమోతి 3:7). అధ్యక్షుని ఎన్నుకొనునది సంఘము. అయినను సంఘము కానివారు అతనిని గూర్చి ఏమి చెప్పుకొనుచున్నారో విచారింపవలెనని అతని మాట. బయటివారు మన విశ్వాసమునకు న్యాయాధిపతులు కారు గాని, మన నడతకు సాక్షులే.

దానియేలు శత్రువులు మొదట అతని ఉద్యోగపు లెక్కలను వెదకిరి. అందులో తప్పేమియు దొరకలేదు. అప్పుడే వారు అతని ప్రార్థన వైపు తిరిగిరి. లెక్కలలో తప్పు దొరికియుండిన యెడల సింహముల గుహ అతనికి శిక్షయే గాని సాక్ష్యము కాకపోవును. పేతురు కూడ క్రైస్తవుడైనందున శ్రమపడుట వేరు, దుర్మార్గుడుగానో పరుల జోలికి పోవువాడుగానో శ్రమపడుట వేరు అని విడదీసెను. కాబట్టి నింద వచ్చినప్పుడెల్ల క్రీస్తు నిమిత్తమే వచ్చినదని సంతోషించుటకు తొందరపడక, అది ఏ నిందయో మొదట తెలిసికొందము. క్రైస్తవ విద్యాలయములకు వచ్చు నింద మూడు విధములుగా నున్నది.

2. క్రీస్తు నిమిత్తమైన నింద

మన తెలుగు దేశములోనే దీనికి దృష్టాంతమున్నది. రాబర్టు నోబుల్ గారు 1841లో మచిలీపట్టణమునకు వచ్చి, 1843లో ఇంగ్లీషు బడి తెరచిరి. బైబిలు పాఠము లేని దినము లేదు. ఊరి పెద్దలు ఆ పాఠమును కోరి పిల్లలను పంపలేదు. ఇంగ్లీషు వచ్చిన కచేరీలలో ఉద్యోగము దొరకునని పంపిరి. 1852లో విద్యార్థులిద్దరు బాప్తిస్మము పొందిరి. పట్టణము కలవరపడెను. తలిదండ్రులు పిల్లలను మాన్పించిరి. బడి దాదాపు ఖాళీయయ్యెను.

నోబుల్ గారు బైబిలు పాఠమును మాన్పలేదు, ఇంగ్లీషు పాఠమును తగ్గింపలేదు. కొంతకాలమునకు పిల్లలు మరల వచ్చిరి. ఆ బడిలో చదివినవారు ప్రభుత్వోద్యోగములలో చేరిరి. లంచము ముట్టనివారని వారిలో పలువురు పేరు పొందిరని ఆ కాలపు మిషను వ్రాతలు తెలుపుచున్నవి. ఆయన 1865లో అదే పట్టణములో కన్నుమూసిరి. బడి కళాశాలయై, నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. 1948లో కాంగ్రెసు అధ్యక్షులైన భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు అచ్చట చదివినవారే. ఆయన క్రైస్తవుడు కారు. బోధను ఒప్పుకొననివారు సహితము చదువును నమ్మిరి.

ఇట్టి నింద వచ్చిన యెడల విద్యాలయము సిగ్గుపడనక్కరలేదు. పని బాగుగా చేసినంత కాలము అది దానంతట అదే తీరిపోవును. తీరకపోయినను అది మోయదగిన భారమే.

3. మన తప్పు నిమిత్తమైన నింద

అయితే సత్యము పూర్తిగా చెప్పవలెను. నోబుల్ గారి దినములలో ఆ బడి తలుపులు మాల మాదిగ బాలురకు తెరువబడలేదు. వారిని చేర్చుకొన్న యెడల అగ్రకులములవారు రారని ఆయన తలంచిరి. నేడు మన సంఘములలో కూర్చుండు అనేకుల తాత ముత్తాతలకు అచ్చట చోటు లేదు. బయటివారి మెప్పు కొరకు సువార్తను దాచనివాడు, వారి మెప్పు కొరకే సువార్త చేర్చుకొనినవారిని బయట నిలిపెను. గొప్ప దైవజనుడే గాని, ఈ సంగతిలో ఆయనను సమర్థింపలేము.

ఇట్టిదే సముద్రము అవతల జరిగెను. మన పిల్లలనేకులు చదువుకు పోవు అమెరికాలో బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయమున్నది. ఒక సువార్తికుడు దానిని 1927లో స్థాపించెను. 1947 నుండి అది దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్ పట్టణములో నున్నది. వాక్యమును అక్షరాల నమ్ము విద్యాలయమని దానికి పేరు. గాని 1971 వరకు అది నల్లజాతి విద్యార్థులను చేర్చుకొనలేదు. తరువాత చేర్చుకొనినను, వేర్వేరు జాతుల యువతీయువకులు వివాహ దృష్టితో స్నేహము చేయరాదను నియమమును 2000 వరకు ఉంచెను. ఈ భేదమును బట్టి ప్రభుత్వము దానికి పన్ను మినహాయింపు తీసివేయగా, 1983లో ఆ దేశపు సుప్రీము కోర్టు ఆ నిర్ణయమును స్థిరపరచెను. విద్యాలయము ఆ నియమమును మత విశ్వాసముగా వాదించెను. 2008లో తన గత నడతకు క్షమాపణ చెప్పుకొనెను.

బయటివారు దానిని నిందించినప్పుడు, లోకము క్రీస్తును ద్వేషించుచున్నదని లోపలివారు అనుకొనియుందురు. నిజమునకు ఆ సంగతిలో బయటివారి మాటయే వాక్యమునకు దగ్గరగా నుండెను. బిలాముతో గాడిద చేత పలికించిన దేవుడు తన విద్యాలయములతో కోర్టు చేత పలికింపలేడా? ఇట్టి నిందకు ఓర్పు మందు కాదు, మారుమనస్సే మందు.

4. పట్టాను గూర్చిన నింద

మూడవది మన ప్రాంతపు తలిదండ్రులను ఎక్కువగా బాధించునది. పట్టా చెల్లునా, చెల్లదా?

మన దేశములో 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్టము ప్రకారము, పార్లమెంటు గాని రాష్ట్ర శాసనసభ గాని చేసిన చట్టము వలన ఏర్పడిన విశ్వవిద్యాలయములును, ఆ హోదా పొందిన సంస్థలును, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలును మాత్రమే డిగ్రీ ఇయ్యవచ్చును. చట్టబద్ధము కాని సంస్థ విశ్వవిద్యాలయమను పేరు పెట్టుకొనరాదు.

సేరంపూరు కళాశాలను కేరీ, మార్ష్‌మన్, వార్డు గార్లు 1818లో స్థాపించిరి. డెన్మార్కు రాజు 1827లో దానికి డిగ్రీ ఇచ్చు అధికారమిచ్చెను. 1918లో బెంగాలు శాసనము దానిని స్థిరపరచెను. 1964లో రాజమండ్రిలో ఏర్పడి 1973లో హైదరాబాదుకు వచ్చిన ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల ఆ సేరంపూరుకు అనుబంధమైనది. అనేక బైబిలు కళాశాలలు మాత్రము 1970లో ఏర్పడిన ఆసియా దైవశాస్త్ర సంఘమువంటి సంస్థల గుర్తింపుపై నడుచుచున్నవి. అది సంఘ సేవకును పై దైవశాస్త్ర చదువుకును ఉపయోగపడు గుర్తింపు. ప్రభుత్వోద్యోగమునకు కావలసిన డిగ్రీ అది కాదు. అడ్వెంటిస్టు సంఘమువారి స్పైసర్ కళాశాల 1915లో మొదలైనను, మహారాష్ట్ర చట్టము వలన విశ్వవిద్యాలయమైనది 2014లోనే.

గుర్తింపు లేకుండుట పాపము కాదు. లేనిదానిని ఉన్నట్లు చూపుట పాపము. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథము చెప్పుచున్నది (సామెతలు 11:1). లేని విలువను ఉన్నట్లు చూపు పట్టా దొంగత్రాసే గదా. "ఈ చదువు సువార్త సేవకు, బ్యాంకు ఉద్యోగమునకు కాదు" అని చేరిక దినముననే చెప్పు ప్రిన్సిపాలు గారిని మనము గౌరవింపవలెను. ఆ మాట దాచి ఫీజు కట్టించుకొనినచో, మూడేండ్లు గడచిన తరువాత నష్టపోవునది పేద విశ్వాసి కుమారుడే. అతని యింటివారు అటుపిమ్మట ఆ కళాశాలను మాత్రమే గాక, అది ప్రకటించు క్రీస్తును కూడ అనుమానింతురు.

గుర్తింపు పొందిన యెడల భక్తి పోవునని భయపడువారు గలరు. బాబ్ జోన్స్ వారును చాలకాలము ఆలాగే దూరముగా నుండిరి. 2006లో ఒక క్రైస్తవ గుర్తింపు సంస్థ చేతను, 2017లో ఆ ప్రాంతపు సాధారణ గుర్తింపు సంస్థ చేతను అంగీకరింపబడిరి. బైబిలు బోధను మాత్రము మానలేదు.

5. పని ఇచ్చువాని కన్ను

మన ప్రాంతపు కర్మాగారములో పని ఇచ్చువాడు బైబిలు సిద్ధాంతమును పరీక్షింపడు. వేళకు వచ్చునా? సరుకు లెక్క సరిగా వ్రాయునా? తప్పు జరిగిన యెడల ఒప్పుకొనునా? ఇవే అతని పరీక్షలు. ఒక కళాశాల నుండి వచ్చిన మొదటి యువకుడు నమ్మకస్థుడైన యెడల, రెండవవానికి తలుపు సగము తెరచియే యుండును. మొదటివాడు పని గంటలలో పని విడిచి కరపత్రములు పంచుచు తిరిగిన యెడల, అది సాక్ష్యము కాదు, యజమానుని కాలమును దొంగిలించుటయే. ఏమి చేసినను ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడని పౌలు వ్రాసినది దాసులైన పనివారికే (కొలొస్సయులు 3:22-24).

కాబట్టి ఆ తలిదండ్రులకు మన ఉత్తరమిది. అయ్యా, అమ్మా, బిడ్డను పంపకముందు మూడు సంగతులు విచారించుడి. పట్టా ఇచ్చునది ఎవరు, ఏ చట్టము చేత? గ్రంథాలయము, ఉపాధ్యాయులు, పాఠములు ఎట్లున్నవి? అచ్చట పేదవాని బిడ్డను, తక్కువగా ఎంచబడిన కులపు బిడ్డను ఎట్లు చూతురు? ఈ మూడింటికి నిజమైన జవాబు చెప్పు విద్యాలయమైన యెడల, లోకుల నవ్వునకు భయపడకుడి. జవాబు దాచునదైన యెడల, దాని గోడలపై ఎన్ని వాక్యములు వ్రాసియున్నను తొందరపడకుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘమును గూర్చి మన వీధిలోని ఇతర మతస్థులు ఏమి చెప్పుకొనుచున్నారు? అందులో నిజమెంత?
2. మనము క్రీస్తు నిమిత్తమైన నింద అనుకొనునది మన తప్పు నిమిత్తమైనది కావచ్చునా?
3. దానియేలు లెక్కలను వెదకినట్లు మన పని లెక్కలను వెదకిన యెడల ఏమి దొరకును?

ప్రార్థన: ప్రభువా, నీ నామము నిమిత్తము వచ్చు నిందను మోయు బలమును, మా తప్పు నిమిత్తము వచ్చు నిందను ఒప్పుకొను దీనమనస్సును మాకు దయచేయుము. మా బిడ్డలకు బోధించువారి నోట సత్యముంచుము. ఆమేన్.