చిన్న తరగతులలో మాట, చదువు, వ్రాత

తెలుగు బడిలో పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "మా పిల్లవాడు ఇంట తెలుగే మాటలాడుచున్నాడు గదా! బడిలో మరల మాటలు నేర్పుట యెందులకు? అక్షరములు నేర్పి పుస్తకము చదివింపరాదా?" ఈ ప్రశ్న సహజమైనదే. దీనికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము పని. ప్రాథమిక తరగతులలో భాష నేర్పుట యనగా మాటలాడుట, చదువుట, వ్రాయుట అను మూడింటిని ఒకదానిపై నొకటి నిలుపుట. మొదటిది గట్టిగా లేనిచో తక్కిన రెండును నిలువవు. మన ప్రాంతమున ఇది మఱింత నిజము.

ఆంధ్రప్రదేశములోనో తెలంగాణములోనో పెరుగు పిల్లవానికి బస్సుమీది ఊరిపేరు, అంగడి బోర్డు, గోడమీది ప్రకటన, పలుచోట్ల తెలుగులోనే కనబడును. మన హోసూరు, డెంకణీకోట ప్రాంతముల పిల్లలకు వీధిలో కనబడు అక్షరములు మిక్కిలిగా తమిళము, ఆంగ్లము. వినబడు మాటలు తమిళము, కన్నడము, తెలుగు కలసినవి. పుస్తకములోని తెలుగు వారి చెవిని బడునది ముఖ్యముగా తరగతి గదిలోనే. చెవి యెఱుగని మాటను పిల్లవాడు కూడబలికి చదువవచ్చును గాని, దాని అర్థము వానికి అందదు.

మఱియొక సంగతి. మన రాజ్యాంగములో 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించు సౌకర్యము కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. తమిళనాట 2006లో చేసిన చట్టము తమిళమును 1వ తరగతి మొదలుకొని క్రమక్రమముగా తప్పనిసరి పాఠముగా చేసినది. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే. మనము బ్రతుకు నేల భాష అది. కాని ఆరేండ్ల పిల్లవాడు తెలుగు, తమిళము, ఆంగ్లము అను మూడు లిపులను ఇంచుమించు ఒకేసారి ఎదుర్కొనుచున్నాడని మనము మఱువరాదు. బోధనలో క్రమము తప్పినచో మూడును కలగాపులగమగును.

మాటలాడుట

మొదటి తరగతిలో తొలి వారములు పలకకంటె కథకు ఎక్కువ చెందవలెను. ఉపాధ్యాయుడు చిన్న కథ చెప్పవలెను. పిల్లలు దానిని తమ మాటలలో తిరిగి చెప్పవలెను. ఒకడు అమ్మువాడుగను, మఱియొకడు కొనువాడుగను సంత ఆట ఆడింపవలెను. బొమ్మ చూపి, "ఇందులో ఎవరెవరున్నారు? ఏమి చేయుచున్నారు?" అని అడుగవలెను.

ఇచ్చట ఉపాధ్యాయునికి ఓర్పు కావలెను. పిల్లవాడు "బావిలో నీళ్ళుండాయి" అన్నచో, "తప్పు" అని గద్దింపరాదు. అది వాని తల్లి మాట. ఆ మాటను తప్పనినచో తల్లిని తప్పుపట్టినట్లే వానికి తోచును. మఱునాడు వాడు నోరు తెఱువడు. "అవును, బావిలో నీళ్ళు ఉన్నాయి. ఎంత లోతున ఉన్నాయి?" అని పుస్తకపు రూపమును వినిపించుచు సంభాషణ సాగింపవలెను. ఒక యింట "తలుపు" అను మాట పోయి "కదవు" అను తమిళ పదము నిలిచియుండవచ్చును. "కదవు తమిళము, తలుపు తెలుగు, నీకు రెండును తెలియును" అని చెప్పినచో పిల్లవానికి సిగ్గునకు మారు ధైర్యము కలుగును.

ఈ మార్గము మనకు క్రొత్త గాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, చుట్టుపట్ల కొండలలోని సవరల భాషను నేర్చి, ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, సవర పిల్లల చదువునకై పాటుపడిరి. పిల్లవాని నోటనున్న భాషనుండియే చదువు మొదలు కావలెనని ఆయన చేసి చూపిరి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందు చేరినది. నేడు అదియును మనవంటి తెలుగువారున్న సరిహద్దు ఊరే.

చదువుట

తమిళములో క, గ అను రెండు ధ్వనులకును ఒకే అక్షరము. అది పదములో ఉన్న చోటునుబట్టి పలుకు మారును. త–ద, ప–బ, ట–డ లకును అట్లే. అది తమిళమునకు చక్కగా సరిపోయిన పద్ధతి. కాని ఆ అలవాటుతో తెలుగు చదివినచో "గూడు" "కూడు" అగును. "బాట" "పాట" అగును. తెలుగులో అక్షరమునుబట్టియే పలుకు, చోటునుబట్టి గాదు. ఈ భేదమును ఉపాధ్యాయుడు నోటితో విప్పి చెప్పవలెను.

అందులకు జంటపదములు మంచి సాధనములు: కూడు–గూడు, కుడి–గుడి, తాటి–దాటి, పాట–బాట, పండి–బండి. మొదట పిల్లలు కన్నులు మూసికొని వినవలెను. "గూడు" అన్నప్పుడు చేయి యెత్తవలెను, "కూడు" అన్నప్పుడు ఎత్తరాదు. పిదప బొమ్మలు, ఆ తరువాత అక్షరముల అట్టలు. చెవి భేదమును పట్టిన పిదప కన్ను సులభముగా పట్టును.

తెలుగు బడులున్న ఇతర ప్రాంతములలో చిక్కులు వేఱు. ఒడియా పలుకుబడిలో హ్రస్వ దీర్ఘముల భేదము నిలువదు గావున, అచ్చటి మన పిల్లలకు "మెడ–మేడ", "కొన–కోన" వంటి జంటలు కావలెను. మరాఠీ లిపిలో హ్రస్వమైన ఎ, ఒ లకు వేఱు అక్షరములు లేవు గావున మహారాష్ట్రమునందును ఈ జంటలే పనికివచ్చును. కన్నడ లిపి మన లిపికి మిక్కిలి దగ్గఱ. అక్కడ పోలికయే పొరపాటునకు కారణమగును గావున తలకట్టు మొదలైన భేదములను ప్రక్కప్రక్కన వ్రాసి చూపవలెను. తెలుగు "పాలు", "పులి" కన్నడములో "హాలు", "హులి" అగునని చూపినచో, పొరుగు భాష అడ్డంకి గాక ఆసరా యగును.

గడగడ చదివినంత మాత్రమున చదువు వచ్చినదని తలంపరాదు. పేరా ముగిసిన పిదప పుస్తకము మూయించి, "ఇందులో ఏమి జరిగినది?" అని అడుగవలెను. నాలుగు మాటలలో చెప్పగలిగిననే అది చదువు.

వ్రాయుట

తమిళములో "అక్క" అను పదమున రెండు హల్లులను ప్రక్కప్రక్కన వ్రాసి, మొదటిదానిపై చుక్క పెట్టుదురు. తెలుగులో రెండవది ఒత్తుగా క్రిందికి పోవును. త, న, మ, య, ర, ల వంటి అక్షరముల ఒత్తులు మూలాక్షరమును పోలియుండవు. గావున ఒత్తుల పట్టిక నంతటిని ఒక్కమారు కంఠస్థము చేయింపక, అక్క, అన్న, అమ్మ, పిల్లి, నెయ్యి అను ఇంటి మాటలతో ద్విత్వములను మొదట నేర్పి, పిదప సంయుక్తాక్షరములకు పోవలెను.

చూచివ్రాత చేతికి పదును నిచ్చును. చెప్పివ్రాత చెవిని పరీక్షించును. కాని రెండవ తరగతినుండి సొంతవ్రాత ఉండవలెను. "మా ఆవుకు దూడ పుట్టింది" అని పిల్లవాడు తనంత తాను వ్రాసిన వాక్యము పది పంక్తుల చూచివ్రాతకంటె విలువైనది. దానిని దిద్దునప్పుడు ఒకనాడు దీర్ఘములనే, మఱియొకనాడు ఒత్తులనే దిద్దవలెను. పుట యంతయు ఎఱ్ఱసిరాతో నిండినచో పిల్లవాడు మరల సొంతముగా వ్రాయుటకు జంకును.

ఇంటివారు చేయదగినవి

తల్లికి చదువు రాకపోయినను సాయపడవచ్చును. సాయంకాలము పనిచేసికొనుచునే "ఈనాడు బడిలో ఏ కథ విన్నావు?" అని అడిగి, తుదివరకు వినవలెను; నడుమ తప్పులు పట్టరాదు. అవ్వలు, తాతలు తమకు తెలిసిన కథలను, పొడుపుకథలను చెప్పవలెను.

పై తరగతుల విద్యార్థులారా! మీ తమ్ముళ్ళకు, చెల్లెండ్రకు దినమునకు ఒక పుట పైకి చదివి వినిపింపుడు. సేద్యపు పనిముట్లకు, ధాన్యములకు, వంటలకు మీ యింటి పెద్దలు వాడు తెలుగు మాటలను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుడు. చిన్న తరగతుల ఉపాధ్యాయులకు అది గొప్ప సాయమగును.

మూడవ తరగతి ముగియుసరికి తెలుగు చదివి, గ్రహించి, నాలుగు వాక్యములు వ్రాయలేని పిల్లవానికి గణితము, విజ్ఞానము కూడ బరువగును. అప్పుడు తల్లిదండ్రులు, "తెలుగు బడిలో చదువు రాలేదు" అని వానిని వేఱు బడికి మార్చుదురు. పిల్లలు తగ్గిన తరగతి నిలుచుట కష్టము; ఒక్కసారి మూతపడినదానిని మరల తెఱపించుట అంతకంటె కష్టము. కావున తల్లిదండ్రులు నెలకొకమారైన బడికి వచ్చి, చిన్న తరగతుల పిల్లలు మాటలాడుట, చదువుట వినవలెనని కోరుచున్నాము. మార్కుల పట్టికకంటె అదియే వారి చదువును సరిగా తెలుపును.