పగటిపూట ఊరు ఎందుకు నిశ్శబ్దంగా ఉంటుంది?

గ్రామం అనగానే మన వాచకాల్లో ఒక బొమ్మ ఉండేది. చెరువు, చెరువు గట్టున తాడిచెట్లు, పచ్చని వరిచేను, ఎద్దులబండి, రావిచెట్టు కింద అరుగు, అరుగు మీద నలుగురు పెద్దమనుషులు. అంతా ప్రశాంతంగా ఉండేది. డిగ్రీలోనూ, పి.జి.లోనూ గ్రామ అధ్యయనం కోసం విద్యార్థులు వారం పదిరోజులు ఏదో ఒక ఊళ్ళో ఉండి రిపోర్టు రాస్తుంటారు. అలాంటి పాత రిపోర్టులు తిరగేస్తే మొదటి పేజీలోనే ఒక వాక్యం తరచుగా తగులుతుంది: ‘ఇది ప్రశాంత వాతావరణం గల వ్యవసాయ గ్రామం.’ ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యం గురించే. ఆ ప్రశాంతత ఎవరికి కనిపించింది? ఎక్కడ కూర్చుంటే కనిపించింది? ఏ వేళప్పుడు కనిపించింది?

దక్షిణాదిలో విశ్వవిద్యాలయం తరఫున పల్లెలను పద్ధతిగా చదవడం 1916లో మద్రాసులో మొదలైంది. అక్కడ అర్థశాస్త్ర ఆచార్యుడుగా ఉన్న గిల్బర్ట్ స్లేటర్ ఒక ప్రశ్నావళి తయారుచేసి, సెలవులకు ఇళ్ళకు వెళ్తున్న విద్యార్థుల చేతికిచ్చాడు. మీ ఊళ్ళో భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి ఎంత, అప్పులెంత అని అడిగి రాసుకురమ్మన్నాడు. అలా వచ్చిన అధ్యయనాలు 1918లో ‘సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్’ అనే పుస్తకంగా అచ్చయ్యాయి. దక్షిణ ఆర్కాటులోని ఇరువేల్‌పట్టు, ఉత్తర ఆర్కాటులోని దూసి, తంజావూరు జిల్లా పాలక్కురిచ్చి, తిరునెల్వేలి వైపు గంగైకొండాన్, రామనాథపురం వైపు వడమలైపురం ఆ పుస్తకం వల్ల ప్రసిద్ధికెక్కిన ఊళ్ళు. తరువాతి పరిశోధకులు ఈ ఊళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఇరువేల్‌పట్టును 2008లో కూడా అధ్యయనం చేశారు. ఒకే పల్లెను తొంభై ఏళ్ళకు పైగా చదువుతూ రావడం మన దేశంలో అరుదైన సంగతి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 1916లో మద్రాసులో కాలేజీ చదివే కుర్రాడు ఎవరై ఉంటాడు? ఫీజు కట్టగలిగిన ఇంటివాడు, నడివీధిలో ఇల్లున్నవాడు. అతను సెలవులకు వెళ్ళి తన అరుగు మీద కూర్చుని చూసిన ఊరే కాగితం మీదికి వచ్చింది. తమిళనాట మన మాలపల్లె, మాదిగవాడల వంటి వాటిని ‘చేరి’ అంటారు. చేరిలో పుట్టినవాడి చేతికి ఆ ప్రశ్నావళి అందే దారి ఆ రోజుల్లో లేనట్టే. అతను ఆ కాగితంలో లెక్కల్లోకి వచ్చాడు గానీ లెక్క రాసేవాడు కాలేకపోయాడు.

తరువాతి పెద్ద పేరు ఎం.ఎన్. శ్రీనివాస్. సోషియాలజీ చదివే ప్రతి ఒక్కరూ ఈయన పేరు వింటారు. 1948లో ఆయన మైసూరు దగ్గరి ఒక వరి, రాగి పండే పల్లెకు వెళ్ళి నెలల తరబడి ఉన్నారు. 1952లో మళ్ళీ వెళ్ళారు. ఊరి అసలు పేరు కొడగహళ్ళి. పుస్తకాల్లో దానికి ‘రాంపుర’ అని మారుపేరు పెట్టారు. ఆధిపత్య కులం అన్న భావనను ఆ ఊరి అనుభవంతోనే ఆయన వివరించారు. ఇవాళ ప్రతి ఎన్నికల్లో వార్తాపత్రికలు వాడే ‘ఓటు బ్యాంకు’ అన్న మాట కూడా ఈ ఊరి గురించి ఆయన రాసిన వ్యాసంలోంచి వచ్చినదే.

ఆ నోట్సుకు జరిగిన ప్రమాదం వింటే ఎవరికైనా బాధ కలుగుతుంది. 1970 ఏప్రిల్ 24న అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న గదికి ఆందోళనకారులు నిప్పుపెట్టారు. ఏళ్ళ తరబడి వర్గీకరించి రాసుకున్న నోట్సు మూడు ప్రతులూ అక్కడే కాలిపోయాయి. మూడూ ఒకేచోట ఉంచడం వల్ల ఒక్కటీ మిగల్లేదు. మిత్రుల ప్రోత్సాహంతో ఆయన గుర్తున్నదంతా కూడగట్టుకుని ‘ది రిమెంబర్డ్ విలేజ్’ రాశారు. అది 1976లో వచ్చింది. ఇంగ్లీషు సులువుగానే ఉంటుంది, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే డిగ్రీ విద్యార్థి చదివేయగలడు.

ఆ పుస్తకంలో మనకు పనికివచ్చే విషయం ఆయన బస. శ్రీనివాస్ బ్రాహ్మణుడు. వంటమనిషిని వెంట తెచ్చుకున్నారు. గ్రామ పెద్ద తన ఎద్దులను కట్టే ఇంట్లో ఆయనకు చోటిచ్చాడు. పెద్ద ఇంటి అతిథి గనుక జనం గౌరవించారు, వచ్చి కూర్చుని మాట్లాడారు. పొలం పనులు, తగాదాలు, పండుగలు, ఎద్దుల బేరాలు అన్నీ ఆయన కళ్ళముందే నడిచాయి. కానీ అదే గౌరవం ఆయన కాళ్ళకు అడ్డం పడింది. హరిజనవాడకు, ముస్లింల ఇళ్ళకు ఆయన ఇష్టం వచ్చినట్టు వెళ్ళి కూర్చోలేకపోయారు. తనది పైకులాల వైపు నుంచి చూసిన చూపేనని ఆయనే పుస్తకంలో ఒప్పుకున్నారు. అందుకే ఆ పుస్తకం మీద నాకు గౌరవం. చాలామంది పండితులు ఆ మాట ఒప్పుకోకుండానే వెళ్ళిపోయారు.

రాంపురలో అప్పు కింద భూస్వామి ఇంట్లో కట్టుబడి పనిచేసే పేద కుర్రాళ్ళ గురించి కూడా ఆయన రాశారు. కన్నడంలో దాన్ని ‘జీత’ అంటారు. తెలంగాణ పల్లెల్లో మన తాతలు ‘జీతం ఉన్నా’ అని చెప్పేదీ ఇదే మాట. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ పద్ధతి మీదికే వచ్చింది. భూస్వామి ఇంట్లోంచి చూస్తే జీతగాడు ఇంటి మనిషిలా కనిపిస్తాడు. అదే కుర్రాడు రాత్రి ఇంటికొచ్చి తల్లితో ఏం చెప్పుకున్నాడో ఆ ఇంట్లో కూర్చున్నవాడికి వినబడదు.

ఆంద్రే బెతేయ్ అనే మరో సుప్రసిద్ధ శాస్త్రవేత్త 1961-62లో తంజావూరు జిల్లాలో ఒక ఊరిని చదివి ‘శ్రీపురం’ అని పేరు మార్చి రాశారు. అగ్రహారం, బ్రాహ్మణేతరుల వీధులు, చేరి అని ఊరి మూడు భాగాలనూ చక్కగా విడదీసి చూపించారు. ఆయన బస అగ్రహారంలో. చేరితో ఆయనకు ఏర్పడిన సంబంధం కూడా ఆ బసకు తగినంతే.

శ్రీనివాస్ రాంపురలో ఉన్న ఆ 1948లోనే, నవంబరు 4న, డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ పల్లెల గురించి మాట్లాడారు. రాజ్యాలు కూలినా పల్లె చెక్కుచెదరలేదని మెట్కాఫ్ అనే ఆంగ్లేయ అధికారి మెచ్చుకున్న మాటను ప్రస్తావించి, బతికి ఉండటం గొప్ప కాదు, ఏ స్థాయిలో బతికింది అన్నది చూడాలన్నారు. పల్లెను అజ్ఞానానికి, సంకుచితత్వానికి నిలయంగా వర్ణించి, ముసాయిదా గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించారు. సభలో చాలామందికి ఆ మాటలు రుచించలేదు. అదే నెల 22న గ్రామ పంచాయతీల అధికరణం చేరింది. ఇప్పుడది 40వ అధికరణం. పుస్తకాలు చదివే పండితుడు పల్లెకు వెళ్ళి ప్రశాంతతను చూస్తే, పల్లె లోపలి అవమానం ఎరిగిన పండితుడు దానికి వేరే పేరు పెట్టాడు. ఇద్దరూ చూసింది భారతదేశపు ఊరినే.

ఇక మా అనుభవం. ఒక ఫిబ్రవరిలో మా పి.జి. బ్యాచ్ తొమ్మిదిమందిమి నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులోని ఒక ఊరికి వెళ్ళాం. ఊరి పేరు చెప్పను. బస పంచాయతీ ఆఫీసులో, భోజనం ఒక పెద్దరైతు ఇంట్లో. మొదటిరోజు విస్తళ్ళ ముందు కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ ‘మీరెవరు బాబూ?’ అని ఆప్యాయంగానే అడిగారు. పేరు చెబితే సరిపోదు, ఆ ప్రశ్న పేరు కోసం అడిగేది కాదని మన పిల్లలందరికీ తెలుసు. నా వంతు వచ్చినప్పుడు మన హాస్టల్ పేరు చెప్పాను. వాళ్ళకు అర్థమైంది. కడుపునిండా పెట్టారు. రెండోరోజు నుంచి అన్నం క్యారియర్లలో పంచాయతీ ఆఫీసుకే వచ్చింది, తొమ్మిదిమందికీ. ఎవరూ ఒక్క మాట అనలేదు. మా స్నేహితుల్లో కొందరు ‘మన సౌకర్యం కోసం ఎంత శ్రమ తీసుకుంటున్నారో’ అని సంతోషించారు కూడా. ఊరు ఎంత నిశ్శబ్దంగా పనిచేస్తుందో తెలియడానికి ఆ క్యారియర్లు చాలు.

రోజూ పదిగంటలకు ప్రశ్నావళులు పట్టుకుని బయలుదేరేవాళ్ళం. వీధులు ఖాళీ. మా బృందంలో ఒకతను అప్పటికే నోటుబుక్కులో ‘ప్రశాంతం’ అని రాసుకున్నాడు. వాడలో ఇంటింటికీ తాళం. ఒక అమ్మమ్మ గుమ్మంలో మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మేం అడిగితే నవ్వింది. ‘ఈ యాళప్పుడు ముసలోళ్ళు, కోళ్ళు తప్ప ఎవరుంటరు బిడ్డా? తెల్లారగట్ల ఆటో కాడికి రాండి, అందరూ ఆడ్నే ఉంటరు’ అంది.

మర్నాడు నాలుగున్నరకు నేనూ, మా క్లాసు అమ్మాయీ వెళ్ళాం. ఊరంతటి సందడీ అక్కడుంది. రెండు ట్రాలీ ఆటోలు, ముప్పై నలభై మంది ఆడవాళ్ళు, చేతుల్లో సద్ది డబ్బాలు, నీళ్ళ సీసాలు. ముఠా మేస్త్రి తలలు లెక్కపెడుతున్నాడు. మిరపకాయలు ఏరడానికి పక్క జిల్లాకు ప్రయాణం. అక్కడ పది నిమిషాల్లో తెలిసినంత మాకు నాలుగు రోజుల ప్రశ్నావళిలో తెలియలేదు. కాలువ చివరికి నీళ్ళు సరిగా రాక ఆ యాసంగిలో ఊరి పొలాలు సగం బీడు. వానాకాలం వరి ఉన్నా కోత మిషన్ వచ్చాక వారాల తరబడి దొరికే కోత కూలి నాలుగు రోజులకు కుదించుకుపోయింది. గడ్డిమందు వచ్చాక కలుపు తీత కూడా తగ్గింది. మగవాళ్ళలో చాలామంది హైదరాబాదులో సెంట్రింగు పనుల్లో ఉన్నారు. అందుకే పగలు ఊరు నిశ్శబ్దం. చప్పుడు చేసేవాళ్ళంతా పనికోసం ఊరు దాటిపోయారు.

ఆ ఆటోలో తల్లి పక్కన ఏడో తరగతి పిల్ల ఒకతె ఉంది. మిరప సీజన్‌లో ఇద్దరి చేతులుంటే ఎక్కువ కిలోలు తూగుతాయి. అదే రోజు మధ్యాహ్నం బడి వివరాలు రాసుకునేటప్పుడు ఆ తరగతి హాజరుపట్టీ చూశాం. ఆ పిల్ల పేరుకు ఎదురుగా హాజరు వేసి ఉంది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, స్లేటర్ ప్రశ్నావళి ఇప్పుడు మన చేతుల్లో ఉంది. శ్రీనివాస్ అంతటివాడు వెళ్ళలేని ఇళ్ళలో మనం పుట్టాం. వాడ నుంచి మొదలుపెట్టి నడివీధికి వెళ్ళడం మనకు చేతనయిన పని, కష్టమైన పని కూడా. కష్టం దేనికంటే, మనకు అంతా తెలుసు అనుకుంటాం. మా ఊరు నాకు తెలియదా అని అడక్కుండానే రాసేస్తాం. భూమి సంగతే తీసుకోండి. పట్టా ఎవరి పేర ఉంది, దున్నేది ఎవరు, కౌలు ఎంత, ఎవరికి అని మూడు వేరువేరు గళ్ళు గీయండి. పేదలకిచ్చిన అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977లో చట్టం చేశారు. మీ వాడలో ఏ తాతకు ఎన్ని కుంటలు వచ్చాయో, ఇవాళ అందులో పంట ఎవరు కోస్తున్నారో అడిగితే ఒక్కో ఇంటికీ ఒక్కో కథ బయటపడుతుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ తరువాతి ఏళ్ళలో మీ ఊళ్ళో ఆడవాళ్ళ కూలి, మగవాళ్ళ కూలి ఎలా మారాయో మగవాళ్ళను అడిగితే ఒక లెక్క, ఆడవాళ్ళను విడిగా అడిగితే మరో లెక్క వస్తుంది. రెండూ రాయండి, ఏది నిజమో అప్పుడే తేల్చకండి. టీ కొట్టు దగ్గర ఏమీ అడగొద్దు. ఊరికే కూర్చుని ఎవరికి ఏ గ్లాసు ఇస్తున్నారో, ఎవరు బెంచీ మీద కూర్చుంటున్నారో, ఎవరు నిలబడి తాగి వెళ్ళిపోతున్నారో చూడండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. శ్రీనివాస్, బెతేయ్ ఇద్దరూ ఊరి పేరు మార్చి రాశారు. మనకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు. మనం రాసేది మన ఊరి గురించి, మనం హాస్టల్‌కు తిరిగి వచ్చినా మన అమ్మానాన్నా అక్కడే, అదే రైతు పొలంలో పనికి వెళ్ళాలి. మనుషుల పేర్లు నోటుబుక్కులో కూడా రాయకండి, అంకెలు వేసుకోండి. ఏ అంకె ఎవరిదో విడి కాగితం మీద రాసి మీ పెట్టెలో పెట్టుకోండి. నోట్సుకు రెండో ప్రతి రాసి వేరేచోట, వీలైతే హాస్టల్‌లో స్నేహితుడి దగ్గర ఉంచండి. స్టాన్‌ఫర్డ్‌లో నిప్పంటుకుంది, మన ఇళ్ళల్లో వాన కారుతుంది.

మిరప ఏరడం మా వైపు మార్చి దాకా ఉంటుంది. ఈలోగా సెలవులు దొరికి ఊరికి వెళ్ళేవాళ్ళు పదిగంటల దాకా ఆగొద్దు. ఆటో ఐదింటికి కదులుతుంది. నాలుగున్నరకల్లా అక్కడుంటే మేస్త్రి లెక్క పూర్తయ్యేలోపు ఒక పేజీ నిండుతుంది.