ఫ్రెంచిలో పాట కట్టాలంటే టీవీ పోటీ దారి కాదు

"మార్కులొస్తాయని ఇంటర్‌లో ఫ్రెంచి తీసుకుంది సార్. ఇప్పుడు ఆ భాషలోనే పాటలు రాసి పాడతానంటోంది. ప్యారిస్ పంపితే టీవీ పోటీలో నెగ్గుతుందా? ఇక్కడ కోచింగ్‌కి రెండు లక్షలు అడుగుతున్నారు" అని గత నెల ఓ తల్లి అడిగారు. అమ్మాయి ఒళ్లో నోట్‌బుక్ ఉంది. అడిగి తీసుకుని చూశాను. మొదటి పేజీలో పదకొండు పంక్తులు. తొమ్మిది కొట్టేసి, వాటి మీదే మళ్లీ రాసింది. ఈ వృత్తిలో డిగ్రీ ఎవరూ అడగరు. అర్హత అంటూ ఉంటే ఆ కొట్టివేతలే.

టీవీ పోటీ చూసేది గొంతును. ఫ్రెంచివాళ్లు షాన్సన్ అనే సంప్రదాయంలో పెద్దపీట మాటకి. ఆ సంప్రదాయంలో తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న జార్జ్ బ్రాసాన్స్, 1952లో తన పాటలు ఎవరైనా పాడతారేమోనని గాయని పతాషూ నడిపే క్యాబరేకి వెళ్లాడు. నువ్వే పాడమని ఆమె పట్టుబట్టింది. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు. పదిహేడేళ్ల పిల్లని "ఇంకెప్పుడు పైకొస్తావ్" అని నిలదీయడం నాకు మింగుడుపడదు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. ఫ్రాన్స్‌లో 12 నెలల్లో 507 గంటల పని చూపిన కళాకారులకు కచేరీలు లేని రోజుల్లో భృతి దక్కుతుంది. కచేరీకి ఇంత అని జీతమిస్తే దాన్ని 12 గంటలుగా లెక్కిస్తారు. అంటే ఏడాదికి 43 కచేరీలు. కేఫ్ యజమాని చేతిలో నోట్లు పెట్టి పంపేస్తే అది లెక్కకు రాదు, జీతం చీటీ ఉండాలి. రాసిన పాటల్ని 1851 నుంచి ఉన్న సాసెమ్ సంఘంలో నమోదు చేస్తే, రేడియోలో వచ్చినప్పుడల్లా హక్కుల సొమ్ము జమవుతుంది. ఇక, చదువుకని ప్యారిస్ వెళ్తే విద్యార్థి వీసా మీద ఏడాదికి 964 గంటలకు మించి పనిచేయకూడదు. పాడుకుంటూ ఫీజు కట్టేసుకుంటుందన్న ఆశ వద్దు.

"ఆల్బమ్ చేసిపెడతాం, లక్షల మంది విన్నట్టు చూపిస్తాం" అనే ప్యాకేజీల జోలికి అసలే పోవద్దు. అంకెలు కొన్నారని తేలితే ప్లాట్‌ఫామ్‌లు పాటనే తీసేయొచ్చు. కొందరు రికార్డింగ్ హక్కులు కూడా రాయించుకుంటారు. సంతకం పెట్టాక స్వతంత్ర కళాకారిణి అన్న మాటకి అర్థమే ఉండదు.

నా మొగ్గు చిన్న వేదికల వైపు. కెనడాలోని క్యూబెక్‌లో పెతీత్-వాలే అనే పల్లెటూరు 1983 నుంచి పాటల పండుగ చేస్తోంది. కెనడాలోని ఫ్రెంచి రేడియోలు వేసే పాటల్లో 65 శాతం ఫ్రెంచివే ఉండాలన్న నిబంధన కూడా ఉంది. కొత్త గొంతుకు అది ఊపిరి.

ముందు ఫ్రెంచి బీ2 స్థాయికి చేరి, మూడు పాటలు పూర్తిచేసి, ఆ భాష తెలిసిన పదిమంది ముందు పాడి రమ్మన్నాను అమ్మాయిని. ఆ రెండు లక్షలు బ్యాంకులోనే ఉంచమని తల్లికి చెప్పాను.